చూపు తగ్గిన పెన్షనర్లకు కంప్యూటరు: నా అనుభవంలో కొన్ని మెలకువలు

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా హిందూపురంలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం. చూపు తక్కువైన సభ్యులకు ఇంట్లోని పిల్లలు దీన్ని చదివి వినిపించవలసిందిగా మనవి.)



ముప్పయ్యారేళ్ళు గుమాస్తాగిరీ చేసిన నాకు ఆఫీసు నోటు రాయటం వచ్చు గాని ఉపన్యాసం ఇవ్వటం రాదు. అందుచేత ఈ నాలుగు మాటలూ కూడా నోటు పద్ధతిలోనే, విషయము, వివరణ, వినతి అనే వరుసలో మనవి చేసుకుంటాను.

విషయము

నేను 2009లో రిటైరయ్యాను. ఆ తరువాత ఏడెనిమిదేళ్ళకు నడుస్తుంటే పక్కనున్న మనుషులు తగలటం, గడప కనిపించకపోవటం మొదలైంది. వయసు అనుకుని ఊరుకున్నాను. అది వయసు కాదు, నీటికాసులు. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. చూపు అంచుల నుంచి మెల్లగా లోపలికి తరుగుతూ వస్తుంది. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నదాన్ని మందులతోగాని ఆపరేషనుతోగాని కాపాడుకోవాలి. కాబట్టి మొదటి మనవి కంప్యూటరు గురించి కాదు. నలభై దాటిన ప్రతివారూ కంటిలోని ఒత్తిడి పరీక్ష చేయించుకోండి. ఇంట్లో ఒకరికి ఈ జబ్బు ఉంటే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, పిల్లలు తప్పకుండా చేయించుకోవాలి. చక్కెర జబ్బు ఉన్నవారు ఏడాదికొకసారి కంటి లోపలి పొర కూడా చూపించుకోవాలి.

నాకు 2019 నాటికి అచ్చు అక్షరం చదవటం పోయింది. చూపు పోయినందుకు కాదు, నా పెన్షను స్లిప్పు నేను చదువుకోలేకపోయినందుకు ఎక్కువ బాధపడ్డాను. ఒకరోజు డబ్బు తీసుకునేచోట ఒక అపరిచితుడు ఎంతో మర్యాదగా సాయం చేస్తానంటే పిన్ను నంబరు చెప్పాను. రెండు వేలు తీయమన్నాను. రెండు వేలు చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. వారం తరువాత మా మనవడు పాసుపుస్తకం చదివితే ఆ రోజు నాలుగు వేలు తీసినట్టు తేలింది. ఇతరుల పైసా పైసా లెక్క చూసిన గుమాస్తా తన లెక్క తాను చూసుకోలేని స్థితి అది. నలుగురికీ చెప్పటానికి సిగ్గుపడ్డాను. ఈ రోజు చెబుతున్నానంటే, నాలాగా సిగ్గుపడి ఊరుకున్నవారు ఈ సభలో ఇంకా ఉంటారని.

వివరణ

ఆ వేసవిలో మా మనవడు బెంగుళూరు నుంచి వచ్చి, "తాతా, నువ్వు టైపు హయ్యరు పాసైనవాడివి గదా, కీలు చూడకుండా కొట్టేవాడివట. ఇంక చూపుతో పనేముంది?" అన్నాడు. ఆ మాట నన్ను నిలబెట్టింది. మనలో చాలామందిమి టైపు ఇనిస్టిట్యూట్లో కీల మీద చూపు పడకుండా నేర్చుకున్నవాళ్ళమే. కంప్యూటరు కీబోర్డు మీద ఎఫ్, జె అక్షరాల మీద చిన్న గీత ఉబ్బెత్తుగా ఉంటుంది. రెండు చూపుడు వేళ్ళు ఆ గీతల మీద పెడితే తక్కిన అక్షరాలన్నీ ఎక్కడివక్కడే. తెర చూడటం, మౌసు కదిలించటం అనేవి చూపున్నవారి సౌకర్యం కోసం. ఆ పనులన్నీ కీలతోనూ అవుతాయి.

తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే సాఫ్టువేరును స్క్రీన్ రీడరు అంటారు. వీటిలో పేరెన్నికగన్నది జాస్. 1978లో కారు ప్రమాదంలో చూపు కోల్పోయిన టెడ్ హెంటర్ అనే అమెరికన్ దాన్ని తయారుచేయించాడు. 1989లో మొదటిసారి వచ్చింది. బాగుంటుంది గాని ఖరీదు పెన్షనరుకు అందేది కాదు. రెండవది ఎన్‌వీడీఏ. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే యువకుడు 2006లో మొదలుపెట్టాడు. ఆయనా చూపు లేనివాడే, తోడు చేరిన జేమ్స్ టే కూడా అంతే. చూపు లేనివారు డబ్బు లేక ఆగిపోకూడదని దాన్ని ఉచితంగా ఇస్తున్నారు. ఇందులో ఉండే ఈస్పీక్ అనే గొంతు తెలుగు కూడా చదువుతుంది. మొదటి వారం ఆ గొంతు వింటే రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టుంటుంది. రెండో వారానికి అలవాటైపోతుంది. మా ఇంట్లో దానికి "రేకు పంతులుగారు" అని పేరు పెట్టారు.

ఇక కీల సంగతి. ఎన్‌వీడీఏకి మూలమైన కీ ఇన్సర్ట్. ల్యాప్‌టాపులో ఇన్సర్ట్ చేతికందకపోతే మొదట వచ్చే పలకరింపు పెట్టెలోనే క్యాప్స్ లాక్‌ని దాని బదులుగా పెట్టుకోవచ్చు. ఆ కీ పట్టుకుని ఇంకొక కీ నొక్కాలి.

మొదట నేర్వవలసింది ఇన్సర్ట్‌తో ఒకటి అంకె. ఇది నొక్కిన తరువాత ఏ కీ నొక్కినా ఆ కీ పేరు, అది చేసే పని చెబుతుందిగాని పని చేయదు. ఎంత తప్పు కొట్టినా నష్టం లేదు. నేను పది రోజులు ఇందులోనే సాధన చేశాను. మళ్ళీ ఇన్సర్ట్, ఒకటి నొక్కితే మామూలు స్థితికి వస్తుంది.

రెండవది కంట్రోల్ కీ. ఒక్కసారి నొక్కితే గొంతు ఆగుతుంది. కోడలు వచ్చి "మామా, కాఫీ" అన్నప్పుడు పంతులుగారి నోరు మూయించేది ఇదే. షిఫ్ట్ నొక్కితే తాత్కాలికంగా ఆగి, మళ్ళీ నొక్కితే ఆగినచోటు నుంచి చదువుతుంది.

మూడవది, దారి తప్పినప్పుడు. ఇన్సర్ట్, టి నొక్కితే ఏ కిటికీలో ఉన్నామో పేరు చెబుతుంది. ఇన్సర్ట్, ట్యాబ్ నొక్కితే సరిగ్గా ఎక్కడ నిలుచున్నామో చెబుతుంది. ఇన్సర్ట్, ఎఫ్ పన్నెండు ఒకసారి నొక్కితే టైము, రెండుసార్లు నొక్కితే తేదీ. ఏదీ తోచకపోతే విండోస్ కీతో డి నొక్కండి, మొదటి తెరకు చేరతారు. తెరిచి ఉన్న పనుల మధ్య తిరగటానికి ఆల్ట్, ట్యాబ్. మూసివేయటానికి ఆల్ట్, ఎఫ్ నాలుగు.

నాలుగవది, గొంతు పూర్తిగా పోయినప్పుడు. ఇది అందరినీ భయపెడుతుంది. సామాన్యంగా పొరపాటున ఇన్సర్ట్, ఎస్ తగిలి ఉంటుంది. ఆ రెండూ గొంతు వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ నొక్కి చూడండి. అయినా పలకకపోతే కంట్రోల్, ఆల్ట్, ఎన్ మూడూ కలిపి నొక్కితే ఎన్‌వీడీఏ మళ్ళీ మొదలవుతుంది. ఇది తెలియక నేను మెకానిక్కుకు రెండుసార్లు డబ్బిచ్చాను.

అయిదవది, వెబ్‌సైటు చదవటం. కింది బాణం నొక్కుతూ పోతే అది హిందూపురం నుంచి ధర్మవరానికి పాసింజరు బండిలో పోయినట్టు. ప్రతి స్టేషనులోనూ ఆగుతుంది. హెచ్ అక్షరం నొక్కితే శీర్షిక నుంచి శీర్షికకు దూకుతుంది, అంటే ఎక్స్‌ప్రెస్ అన్నమాట. కె నొక్కితే లింకులు, బి నొక్కితే బటన్లు, ఇ నొక్కితే రాసే గడులు, టి నొక్కితే పట్టికలు. షిఫ్ట్ కలిపి నొక్కితే అదే దారిలో వెనక్కి. పెన్షను స్లిప్పు పట్టిక రూపంలో ఉంటే టి తో అందులోకి చేరి, కంట్రోల్, ఆల్ట్ పట్టుకుని బాణాలు నొక్కండి. గడి గడికీ పోతుంది. మూల పెన్షను ఎంత, కరువు భృతి ఎంత, కమ్యూటేషను కోత ఎంత అన్నది నేను మళ్ళీ స్వయంగా చూసుకున్నది ఈ మూడు కీలతోనే. ఆ రోజు నాకు మొదటి జీతం అందుకున్నంత సంతోషమైంది.

ఇక్కడొక చిక్కుంది. రాసే గడిలోకి వెళ్ళాక హెచ్ నొక్కితే దూకదు, హెచ్ అక్షరం పడుతుంది. చదివే పద్ధతి, రాసే పద్ధతి వేరు. ఇన్సర్ట్, స్పేస్ నొక్కితే ఒకదాని నుంచి మరొకదానికి మారుతుంది. మారినప్పుడు చిన్న చప్పుడు వస్తుంది. ఆ చప్పుళ్ళను గుర్తుపెట్టుకోండి.

ఆరవది, తెలుగు రాయటం. విండోస్‌లో తెలుగు కీబోర్డు చేర్చుకుంటే విండోస్ కీ, స్పేస్ తో ఇంగ్లీషుకూ తెలుగుకూ మారవచ్చు. ఇన్‌స్క్రిప్టు అనే అమరికలో అచ్చులు, గుణింతాలు ఎడమచేతికి, హల్లులు ఎక్కువగా కుడిచేతికి వస్తాయి. మన పాత తెలుగు టైపుమిషను అమరిక వేరు కనుక వేళ్ళు కొన్నాళ్ళు మొరాయిస్తాయి. నాకు మూడు నెలలు పట్టింది.

ఏడవది, ఇతరుల కంప్యూటరు మీద పని. ఎన్‌వీడీఏను పెన్‌డ్రైవులో వేసుకుని జేబులో పెట్టుకుపోవచ్చు. ఏదీ లేనిచోట విండోస్, కంట్రోల్, ఎంటర్ నొక్కితే విండోస్‌లోనే ఉన్న నరేటరు పలుకుతుంది. కొంత చూపు మిగిలినవారికి విండోస్ కీ, ప్లస్ నొక్కితే అక్షరం పెద్దదవుతుంది. విండోస్, ఎస్కేప్ తో మామూలవుతుంది.

సెల్‌ఫోను ఉన్నవారికి ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్ ఉంది. వేలు కుడివైపుకు జరిపితే తరువాతి మాట చదువుతుంది, రెండుసార్లు తట్టితే తెరుచుకుంటుంది. ఓ.టి.పి. దానితో మీరే వినండి, చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని. పిన్ను గాని, ఓ.టి.పి. గాని ఎంత దగ్గరివారికైనా చెప్పవద్దు. నోట్లు గుర్తుపట్టటానికి రిజర్వు బ్యాంకువారు 2020 జనవరి 1న విడుదల చేసిన మణి అనే యాప్ ఉంది. 2014 జూలై 1 నుంచి కొత్తగా పెట్టే ఏ.టి.ఎం.లన్నీ మాట్లాడేవిగా, బ్రెయిలీ కీలతో ఉండాలని కూడా రిజర్వు బ్యాంకు ఆదేశం. ఇయర్‌ఫోను తగిలించి వినాలి. ఈ సంగతి నాకు ముందే తెలిసి ఉంటే ఆ రెండు వేలు దక్కేవి.

వినతి

కీలు నేర్చుకుంటే అన్నీ సమకూరతాయని చెబితే అది అబద్ధం. కొన్ని తలుపులు అవతలివైపు నుంచి గడియ వేసి ఉన్నాయి. జీవన్ ప్రమాణ్ 2014 నవంబరులో వచ్చింది, 2021 నవంబరు నుంచి ముఖం చూపించి కూడా చేసుకోవచ్చన్నారు. ఒకచోట నన్ను కూర్చోబెట్టి "కళ్ళు ఆర్పండి" అన్నారు. ఆర్పాను. యంత్రం ఒప్పుకోలేదు. అయిదుసార్లు ఆర్పాను. వెనకనున్నవారు విసుక్కున్నారు. నేను బతికే ఉన్నానని రుజువు చేయటానికి లేని చూపును చూపించమంటే ఎట్లా? చివరకు కాగితం మీద సంతకం చేసి ఇచ్చి వచ్చాను.

మిత్రులారా, ఈ రోజు మనం ఎందుకు కలుస్తున్నాము? 1982 డిసెంబరు 17న డి.ఎస్. నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షను అనేది దయతో ఇచ్చే భిక్ష కాదు, ఉద్యోగి హక్కు అని చెప్పినందుకు. దానికి జోడుగా ఇంకొక తేదీ రాసిపెట్టుకోండి. 2025 ఏప్రిల్ 30. ఆసిడ్ దాడికి గురైన ప్రజ్ఞా ప్రసూన్, చూపు లేని న్యాయవాది అమర్ జైన్ వేసిన కేసుల్లో అదే సుప్రీంకోర్టు, కంప్యూటరు సేవలు అందరికీ అందటం రాజ్యాంగం ఇరవై ఒకటవ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని తీర్పు చెప్పింది. కళ్ళు ఆర్పటం ఒక్కటే కాక వేరే పద్ధతులు కూడా పెట్టాలని, కాగితం మీద కె.వై.సి. సౌకర్యం కొనసాగించాలని ఆదేశించింది. మనల్ని ఎవరైనా "కళ్ళు ఆర్పకపోతే కుదరదు" అంటే, బతిమాలనక్కరలేదు. ఈ తేదీ మర్యాదగా చెప్పి, రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. అర్జీ రాయటం మనకు కొత్త కాదు గదా.

సంఘానికి మూడు విన్నపాలు. ఒకటి, మన పత్రికను అచ్చుతోబాటు యూనికోడ్ తెలుగులో ఫైలుగా కూడా పంపించండి. అచ్చు పనికి వాడే పాత ఫాంట్లలో చూపున్నవారికి తెలుగు కనిపిస్తుంది గాని లోపల ఉండేవి ఇంగ్లీషు గుర్తులు. పంతులుగారు వాటిని చదివితే అర్థంలేని శబ్దాలే వస్తాయి. రెండు, జి.ఓ.లు, సర్క్యులర్లు ఫోటో తీసి పంపకండి. ఫోటోలో ఉన్నది బొమ్మ, అక్షరం కాదు. కింద నాలుగు వాక్యాలు టైపు చేస్తే చాలు. మూడు, మన సంఘ కార్యాలయంలోని కంప్యూటరులో ఎన్‌వీడీఏ వేయించండి. ఖర్చు లేదు. నేర్పటానికి నేనున్నాను. నెలకు రెండుసార్లు వచ్చి కూర్చుంటాను. పెనుకొండ, ధర్మవరం శాఖలు పిలిస్తే రైలెక్కి వస్తాను, స్టేషనులో చెయ్యి పట్టుకునేవారు ఒకరుంటే చాలు.

ఇళ్ళలోని పిల్లలకు ఒక మాట. పెద్దవారి పని మీరు చేసిపెట్టటం ప్రేమే, కాదనను. కాని రోజుకొక కీ చొప్పున నేర్పించండి. చేసిపెడితే ఆ పూట గడుస్తుంది, నేర్పితే వారి లెక్క వారి చేతికి వస్తుంది.

ఈ ప్రసంగ పాఠాన్ని నేనే టైపు చేశాను. పంతులుగారు మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించారు, పదకొండు తప్పులు దొరికాయి, దిద్దాను. ఇంకా ఉంటే అవి నావే, ఆయనవి కావు.