సంతకానికి ముందు అడిగిన ప్రశ్న: కాసు బ్రహ్మానందరెడ్డి స్మారకోపన్యాసం



బ్రహ్మానందరెడ్డిగారి మాట వస్తే మన ప్రాంతంలో ఎవరైనా సాగర్ నీళ్ళ దగ్గరే మొదలుపెడతారు. సబబే. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలిననాడు ముఖ్యమంత్రి ఆయనే. మబ్బు వంక చూసి జొన్నలు చల్లుకున్న పల్నాటికి కుడికాలువ ఏం చేసిందో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. అందుకే ఈ సాయంత్రం ఆయనలోని న్యాయవాదిని గురించి మాట్లాడతాను.

1909 జూలై 28న నరసరావుపేట దగ్గరి చిరుమామిళ్ళలో పుట్టారు. మద్రాసు పచ్చయప్ప కళాశాలలో చదివి, తిరువనంతపురంలో బి.ఎల్. పూర్తిచేశారు. గుంటూరు జిల్లా బోర్డు, మద్రాసు శాసనసభ, తరవాత కొండవీడు పక్కనున్న ఫిరంగిపురం, ఆపైన నరసరావుపేట శాసనసభ స్థానాలు: కోర్టు వదిలినా చట్టం ఆయన చెయ్యి వదల్లేదు. 1964 నుంచి 1971 దాకా సాగిన ఆయన పాలనలోనే, 1966లో, తెలుగును అధికార భాష చేసిన చట్టం వచ్చింది.

1969 తెలంగాణ ఉద్యమానికి కూడా ఆయన న్యాయవాదిలాగే జవాబు వెతికారు. జనవరిలో అఖిలపక్షం ఒప్పందం, వెంటనే స్థానికేతరులను తెలంగాణ ఉద్యోగాల నుంచి తప్పించే 36వ నంబరు జీవో. మార్చి 28న సుప్రీంకోర్టు ఆ ఉద్యోగాలకున్న స్థానికత నిబంధననే కొట్టేసింది. వీధుల్లో విద్యార్థులు ప్రాణాలు పోగొట్టుకుంటుంటే జీవోలతో చల్లారే బాధ కాదది. ఈ వేదిక మీద ఆ సంగతి దాటవెయ్యడం నాకు ఇష్టం లేదు.

ఇక నేను చెప్పాలని వచ్చిన మాట. 1975 జూన్ 25. అప్పటికాయన కేంద్ర హోంమంత్రి. రాత్రి పదిన్నర వేళ ప్రధాని ఇందిరాగాంధీ ఇంటికి పిలుపు వచ్చింది. దేశంలో అంతర్గత అత్యవసర పరిస్థితి విధించాలన్నారు. ఆయన ఏమన్నారో, ఎమర్జెన్సీపై తరవాత విచారణ జరిపిన షా కమిషన్ నివేదికలో ఉంది: ఇప్పటికే అమల్లో ఉన్న అత్యవసర పరిస్థితి కింద కావలసిన అధికారాలు ఉన్నాయి కదా, వాటితోనే సరిపెట్టవచ్చునని. 1971 డిసెంబరులో పాకిస్తాన్ యుద్ధం నాడు చేసిన ప్రకటన ఇంకా రద్దు కాలేదు. అంటే ఆ రాత్రి, మంత్రివర్గానికే తెలియని ఆ వేళ, సరైన ప్రశ్న వేసిన మనిషి మన నరసరావుపేట వకీలు. అది కూడా పరిశీలించామన్నారు ప్రధాని. మీకు ఏది మంచిదనిపిస్తే అది చెయ్యండి అన్నారీయన. రాష్ట్రపతికి వెళ్ళే లేఖ మీద సంతకం పెట్టారు.

దీన్ని నేను ఎన్నోసార్లు చదివాను. కక్షిదారుకు సలహా చెప్పి, వినకపోతే కాగితం తయారుచేసి ఇవ్వడం వకీలుకు తప్పు కాకపోవచ్చు. హోంమంత్రికి మాత్రం అది తప్పే. ఆయన కక్షిదారు ప్రధాని కాదు, ప్రజలు. తెల్లవారేసరికి జయప్రకాశ్ నారాయణ్, మొరార్జీ దేశాయ్ నిర్బంధంలో ఉన్నారు. అయితే ఒకటి: ఆ గదిలో అడిగిన ప్రశ్నను ఆయన కమిషన్ ముందు దాచలేదు, సంతకాన్నీ దాచలేదు. ఆ రెండింటినీ కలిపి గౌరవించగలిగితేనే ఈ సభకు అర్థం.

1977లో ఆయన కాంగ్రెస్ అధ్యక్షులయ్యారు. పార్టీ చీలిన 1978 జనవరిలో ఇందిరాగాంధీని బహిష్కరించింది ఆయన అధ్యక్షతలోనే. ఫిబ్రవరి ఎన్నికల్లో మన రాష్ట్రం 294 స్థానాల్లో ఇందిరా కాంగ్రెస్‌కు 175 ఇచ్చింది, ఆయన పక్షానికి 30. తరవాత ఆయనా అటే చేరారు. 1988 నుంచి 1990 దాకా మహారాష్ట్ర గవర్నరుగా ఉన్నారు. 1994 మే 20న కన్నుమూశారు. హైదరాబాదు నడిబొడ్డున ఒక జాతీయ ఉద్యానవనం ఆయన పేరు మోస్తోంది.

నరసరావుపేట న్యాయవాదులకు నాదొక కోరిక. ఆయన పేరిట మీరు పుస్తకాల బీరువా పెడితే, సాగర్ చరిత్ర పక్కనే షా కమిషన్ నివేదికకూ చోటివ్వండి. కొత్తగా నల్లకోటు వేసుకున్న పిల్లలు జూన్ 25 రాత్రి నడిచిన సంగతులను తామే చదువుకోవాలి.