లారీ మంచిదే, ధర మాటేమిటి?

(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కిందటి నెల సమావేశంలో మన సభ్యులొకరు ఒక ప్రశ్న వేశారు. పదిహేనేళ్ళు నిండి ఆయన కమ్యుటేషన్ సొమ్ము కోత ఆగింది. పూర్తి పింఛను చేతికొస్తున్నది. కొంత దాచుకున్నదీ ఉంది. "పక్కింటి కుర్రాడు ఒక లారీ కంపెనీ షేరు కొనమంటున్నాడు. సరుకు రవాణా ఎప్పటికీ ఆగేది కాదు గదా, కొనవచ్చునా?" అని అడిగారు. నేను రవాణా శాఖలో గుమాస్తాగా పనిచేసిన వాణ్ణి గనుక ఈ విషయం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు ఆజ్ఞాపించారు. నేను షేర్ల పండితుణ్ణి కాను. ఫలానా షేరు కొనండి, ఫలానాది అమ్మండి అని చెప్పను. లెక్క ఎలా వేసుకోవాలో మాత్రం నాకు తెలిసినంత మేరకు మనవి చేస్తాను.

మన పేరాల వాళ్ళకు ఈ లెక్క కొత్తది కాదు. 1921లో మన పెద్దలు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట ఇళ్ళు వదిలి రామనగరం పాకల్లో నెలల తరబడి కాపురముండటానికి కారణమేమిటి? మునిసిపాలిటీ వల్ల ఒరిగే సౌకర్యానికి కట్టవలసిన పన్ను మించిపోయిందని. వస్తువు ఏమిటన్నది ఒక ప్రశ్న, దానికి ఎంత చెల్లిస్తున్నామన్నది ఇంకొక ప్రశ్న. ఈ రెంటినీ కలిపేస్తే మోసపోతాము. ఈ రోజు నేను చెప్పదలచుకున్నదంతా ఇదే.

ముందు నా తప్పు నేనే చెప్పుకుంటాను. 2015లో దేశమంతటా ఒకే మాట: జి.ఎస్.టి. వస్తుంది, చెక్‌పోస్టులు పోతాయి, లారీ కంపెనీలకు ఇక బంగారు పంటే. ముప్పై ఏళ్ళు లారీల ఫైళ్ళు తిరగేసిన నాకంటె ఎవరికి తెలుసునన్న ధీమాతో ఒక రవాణా కంపెనీ షేర్లు 2 లక్షల రూపాయలకు కొన్నాను. ఆ సొమ్ము మా ఇంటావిడ మోకాలి ఆపరేషన్‌కని బ్యాంకులో వేసినది. ఆమెకు చెప్పలేదు. మూడేళ్ళకు ఆపరేషన్ తప్పనిసరి అయింది. అమ్మితే 85 వేలు చేతికొచ్చాయి. మిగతాది మా అబ్బాయి తన పి.ఎఫ్. నుంచి అప్పు తీసుకుని సర్దాడు. ఆ కంపెనీ పేరు చెప్పను. నేనిప్పుడు చెప్పబోయే కంపెనీ అది కాదు. తప్పు కంపెనీది కాదు, దాని లారీలు ఇవాళ్టికీ నడుస్తున్నాయి. తప్పు ధర చూడకుండా కొన్న నాది.

విషయం తెలిశాక మా ఇంటావిడ కోప్పడలేదు. ఆమె నేతగాళ్ళ ఇంటి ఆడపడుచు. ఒకటే అడిగింది: "ఏమండీ, ఆ కంపెనీ మొత్తం ఎంత ఖరీదు చేస్తుందో అడిగే కొన్నారా? మా నాన్న చీరె ఎంత బాగున్నా నూలు ధరా, మజూరీ లెక్క కట్టకుండా కొనేవాడు కాదు." నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు వెదుక్కుంటూ నేర్చుకున్నదే ఇదంతా.

మొదటి మెట్టు, షేరు ధర చూడవద్దు, కంపెనీ మొత్తం ధర చూడాలి. వంద రూపాయల షేరు చౌక, వెయ్యి రూపాయల షేరు ప్రియం అనుకోవడం మనలో చాలామంది చేసే పొరపాటు. షేరు ధరను మొత్తం షేర్ల సంఖ్యతో హెచ్చవేస్తే కంపెనీ ఖరీదు వస్తుంది. దానిని ఏడాది నికర లాభంతో భాగిస్తే ఎన్నేళ్ళ లాభాన్ని ముందే చెల్లిస్తున్నామో తెలుస్తుంది. దీన్నే పి.ఇ. అంటారు.

అందరికీ తెలిసిన ఉదాహరణ తీసుకుందాం. మన ఊళ్ళలో ఎక్కువగా చూసే నవత వారి షేరు బజారులో దొరకదు. కనుక మన రోడ్ల మీద కూడా తిరిగే హుబ్బళ్ళి వారి వి.ఆర్.ఎల్. లాజిస్టిక్స్‌ను చూద్దాం. విజయ్ సంకేశ్వర్ గారు 1976లో గదగ్‌లో ఒక్క లారీతో మొదలుపెట్టిన సంస్థ అది. 2015 ఏప్రిల్‌లో షేర్లు జనానికి అమ్మేనాటికి మూడు వేలకు పైగా లారీలు, వందల కొద్దీ బస్సులు ఉన్నాయి. ఎవరైనా మెచ్చుకోవలసిన కష్టార్జితం. షేరు 205 రూపాయలకు ఇచ్చారు. డెబ్బై రెట్లకు పైగా దరఖాస్తులు వచ్చాయి. బజారులోకి వచ్చిన మొదటి రోజునే 280 దాటింది, ఆ సంవత్సరంలోనే 400 కూడా దాటింది.

ఇప్పుడు లెక్క. అప్పట్లో షేర్లు సుమారు 9 కోట్ల 12 లక్షలు. 2014–15 నికర లాభం సుమారు 91 కోట్లు. అంటే షేరుకు 10 రూపాయలు. 205కు కొన్నవాడు ఇరవై ఏళ్ళ లాభం చెల్లించాడు. 400కు కొన్నవాడు నలభై ఏళ్ళ లాభం చెల్లించాడు. లారీలు అవే, డ్రైవర్లు వాళ్ళే, గోడౌన్లు అవే. ఆరేడు నెలల్లో మారింది కొనేవాడి ఉత్సాహమొక్కటే.

రెండవ మెట్టు, ఆ ధర ఏమి కోరుతున్నదో చూడాలి. 400 పెట్టి 10 రూపాయల లాభం కొంటే నూటికి రెండున్నర. అదే 2015లో పోస్టాఫీసులో వృద్ధుల పొదుపు పథకానికి నూటికి 9 రూపాయల 30 పైసల వడ్డీ, అదీ మూడు నెలలకొకసారి చేతికి. ఇంత తేడాను పూడ్చవలసింది లాభంలో పెరుగుదలే. జనం ఉత్సాహం చల్లారి మళ్ళీ ఇరవై ఏళ్ళ లాభం చొప్పున కొంటామన్నారనుకోండి. అప్పుడు మన 400 మనకు దక్కాలంటేనే లాభం రెట్టింపు కావాలి. ఐదేళ్ళలో రెట్టింపు కావాలంటే ఏటా నూటికి 15 వంతున, ఒక్క ఏడు కూడా తప్పకుండా పెరగాలి. ఇది మన అసలు మనకు దక్కడానికి మాత్రమే సుమా!

జరిగిందేమిటి? 2019–20లో ఆ కంపెనీ నికర లాభం సుమారు 90 కోట్లు. ఐదేళ్ళలో లాభం ఎక్కడున్నది అక్కడే. మధ్యలో నోట్ల రద్దు వచ్చింది. జి.ఎస్.టి. వచ్చింది. చెక్‌పోస్టులు పోయాయి. పోటీ మాత్రం పోలేదు. 2020 మార్చిలో కరోనా భయంతో షేరు మొదట ఇచ్చిన 205 కంటే కిందికి దిగింది.

మూడవ మెట్టు, లారీ వ్యాపారం స్వభావం తెలియాలి. ఇది నేను కౌంటరు దగ్గర కూర్చుని కళ్ళారా చూసినది. కొత్త లారీ కొన్న ఓనరు మొదటి ఏడాది రాజాలాగా వచ్చి త్రైమాసిక పన్ను కట్టేవాడు. కిరాయి వస్తున్నది, డీజిలు, బత్తా, కిస్తీ పోగా నోట్లు మిగులుతున్నాయి. మూడో ఏట టైర్లు. ఐదో ఏట ఇంజను పని. ఎఫ్.సి.కి తెచ్చేసరికి బాడీకి మళ్ళీ ఖర్చు. ఆఖరికి ఫైనాన్సు వాళ్ళ పేరు ఆర్.సి. నుంచి కొట్టివేయించుకునేటప్పటికి లారీ పాత ఇనుముకు దగ్గర పడేది. "మిగిలిందనుకున్నదంతా ఈ లారీలోంచి ఊడిపోయిన ముక్కలే నండీ" అన్నాడొక ఓనరు. ముప్పై ఏళ్ళలో నేను విన్న మాటల్లో ఇంతకంటే మంచి లెక్క లేదు.

దీన్నే కంపెనీ లెక్కల్లో తరుగుదల అంటారు. లారీ 40 లక్షలు, పదేళ్ళు నడుస్తుందనుకుంటే ఏటా 4 లక్షలు తరుగు కింద తీసి పక్కన పెట్టవలసిందే. కొంతమంది తరుగుదల, వడ్డీ తీయక ముందు లాభం చూపించి "చూడండి ఎంత చౌకో" అంటారు. లారీల వ్యాపారంలో ఆ అంకె నమ్మితే మన టైర్లు మనమే కోసుకున్నట్లు. నికర లాభమే చూడాలి. దానితోపాటు, ఏటా వచ్చిన నగదులో కొత్త లారీలకు ఎంత పోతున్నదో కూడా చూడాలి.

ఇంకొక సంగతి, మిగులు బహు పలుచన. ఇందాకటి కంపెనీకే 2014–15లో రాబడి సుమారు 1,670 కోట్లు. లాభం 91 కోట్లు. నూరు రూపాయల కిరాయికి ఐదున్నర మిగిలింది. నూటికి పాతిక డీజిలుకు పోతుందనుకుందాం. డీజిలు పదోవంతు పెరిగి కిరాయి పెంచలేకపోతే రెండున్నర రూపాయలు పోతుంది. ఆదాయపు పన్ను తగ్గేది సర్దుకున్నా లాభంలో సుమారు మూడో వంతు గల్లంతు. కూరలో ఉప్పు తగ్గినట్లు కాదిది, అన్నమే తగ్గినట్లు.

పైగా చేతిలో లేనివి ఎన్నో. 2018 జులైలో కేంద్ర ప్రభుత్వం లారీల బరువు పరిమితి పెంచింది. పది టైర్ల లారీకి సరుకుతో కలిపి 25 టన్నులుండేది 28 టన్నుల 500 కిలోలయింది. ఒక్క కొత్త లారీ కూడా రోడ్డెక్కకుండానే దేశంలో మోసే శక్తి పెరిగిపోయింది. సరుకు మాత్రం ఒక్క బస్తా పెరగలేదు. లారీ ఎక్కువ, లోడు తక్కువ అయితే కిరాయి ఏమవుతుందో బుకింగు ఆఫీసు ముందు ఒక పూట నిలబడితే తెలుస్తుంది.

నాలుగవ మెట్టు, యజమాని మన డబ్బుతో, తన దృష్టితో ఏమి చేస్తాడన్నది. 2016 మొదట్లో ఇదే కంపెనీ యజమానులు విమాన సంస్థ పెట్టాలన్న ఆలోచనలో ఉన్నారని తెలిసేసరికి షేరు దబ్బున పడింది. తమ సొంత హోదాలోనే పెడతామన్నా మదుపుదారులు ఒప్పుకోలేదు. ఆ ఆలోచన విరమించారు. వద్దన్న మాట విన్నందుకు వారిని మెచ్చుకోవాలి. అయితే లారీకని ఇచ్చిన సొమ్ము మీద కన్నేసి ఉంచాలన్న పాఠం మనకు మిగిలింది.

ఇక రెండవ పక్షం కూడా చెప్పకపోతే న్యాయం కాదు. లారీ షేర్లన్నీ ప్రియమేనని నేననడం లేదు. మన చీరాల చీరెల మూటలనే చూడండి. ఒక లారీ అంతా ఒకరి సిమెంటే అయితే ఆ కిరాయి బేరం సరుకు వాడి చేతిలో ఉంటుంది. వంద మంది వర్తకుల మూటలు ఒక లారీలో సర్ది, ఊరూరా దింపాలంటే ఆఫీసులు కావాలి, గోడౌన్లు కావాలి, నమ్మకం కావాలి. అది నిన్న లారీ కొన్నవాడికి సాధ్యం కాదు. అందుకే పార్శిలు వ్యాపారానికి కొంచెం ఎక్కువ ధర ఇవ్వవచ్చు. జి.ఎస్.టి., ఈ–వే బిల్లులు వచ్చాక లెక్కా పత్రం ఉన్న కంపెనీలకు కొంత అనుకూలమైన మాటా నిజమే. 2020 భయంలో ఆ షేరు కొన్నవాళ్ళు బాగుపడ్డారు. 2023లో అది 600 దాటింది. అంటే కంపెనీ ఎప్పుడూ మంచిదే. ఒకప్పుడు ధర ప్రియం, ఒకప్పుడు చౌక.

మరి మన సభ్యుల ప్రశ్నకు నా జవాబు ఏమిటి? అయ్యా, ఆ కుర్రాణ్ణి నాలుగు అంకెలు అడగండి. కంపెనీ మొత్తం ధర ఎంత? తరుగుదల పోను నికర లాభం, ఒక్క మంచి ఏడాదిది కాదు, ఐదారేళ్ళ సగటు ఎంత? అప్పు ఎంత? ఈ ధరకు తగ్గట్టు లాభం ఏటా ఎంత పెరగాలి, వెనుకటి ఐదేళ్ళలో ఎంత పెరిగింది? నాలుగింటికీ కాగితం మీద జవాబు రాసిస్తే అప్పుడు ఆలోచించండి. "అందరూ కొంటున్నారు తాతగారూ" అంటే మజ్జిగ ఇచ్చి పంపించండి.

ఇంకొక్క మాట, ఇది ఏ లెక్కల పుస్తకంలోనూ ఉండదు. ముప్పై ఏళ్ళ వాడు ప్రియంగా కొన్నా, పదేళ్ళు ఓపిక పడితే నష్టం పూడవచ్చు. డెబ్బై నాలుగేళ్ళ నాకు ఆ పదేళ్ళు ఎవరిస్తారు? షేరు పడినప్పుడు ఆగగలిగిన వాడికే షేరు. మోకాలు ఆగదు, కంటి శుక్లం ఆగదు, మనవరాలి ఫీజు ఆగదు. కనుక వైద్యానికి, ఇంటి ఖర్చుకు పెట్టుకున్న సొమ్ము పోస్టాఫీసులోనో బ్యాంకులోనో ఉండనివ్వండి. పోయినా నిద్ర పట్టేటంత మొత్తమే అటు పంపండి. పంపే ముందు ఇంట్లో చెప్పండి. నేను ఆ రోజు చెప్పి ఉంటే మా ఇంటావిడ అడగవలసిన ప్రశ్న ముందే అడిగేది, 2 లక్షలూ మిగిలేవి.

ఆమె ఇప్పుడు రోజూ ఉదయం గుడిదాకా నడిచి వస్తున్నది. ఈ సభలోనే మూడో వరుసలో కూర్చున్నది. నా లెక్కలో తప్పుంటే ఇంటికి వెళ్ళాక దిద్దుతుంది.