ల్యాప్‌టాప్ మెల్లగైతే ముందు జబ్బు చూడాలి



క్యాంపు రూములో నలుగురికి ఒక్క ల్యాప్‌టాప్ ఉంటది. ఇంటికి వీడియో కాల్, పాస్‌పోర్టు, వీసా కాపీలు అన్నీ దాంట్లోనే. అది మెల్లగైందని వెంటనే షాపులో ఫార్మాట్ కొట్టించకండి. ముందు జబ్బేందో చూడండి.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు బటన్లు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో సీపీయూ అన్న మాట మీద నొక్కితే ప్రాసెసర్‌ని ఎక్కువ వాడుతున్న ప్రోగ్రామ్ పైకొస్తుంది. క్రోమ్ అయితే అక్కర్లేని ట్యాబులు మూసేయండి. విండోస్ అప్‌డేట్ అయితే కాసేపు ఆగండి, అదే తగ్గుతుంది. తెలియని పేరు రోజూ పైనే ఉంటే మాత్రం అనుమానించాలి. దొంగ సాఫ్ట్‌వేర్ వెంట వచ్చి, మన ప్రాసెసర్‌తో ఇంకెవరికో క్రిప్టో సంపాదించిపెట్టే ప్రోగ్రాములున్నాయి. పూర్తి వైరస్ స్కాన్ పెట్టండి. అది శుభ్రమయ్యేదాకా దాంట్లో బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టకండి.

ఏదీ ఎక్కువ వాడకపోయినా మెల్లగుంటే, వేడి చూడండి. ఫ్యాన్ జాలీకి ఎడారి దుమ్ము పడితే గాలి ఆడదు. అప్పుడు ప్రాసెసర్ కాలిపోకుండా తన వేగం తానే తగ్గించుకుంటుంది. ఆఫ్ చేసి, మెత్తటి బ్రష్‌తో జాలీ దులపండి. పరుపు మీద పెట్టి వాడకండి. సైటులో జనరేటర్ రేడియేటర్ ఎందుకు శుభ్రం చేస్తామో, ఇదీ అందుకే.

ఫార్మాట్ ఆఖరి మందు. అది తప్పదంటే ముందు పిల్లల ఫొటోలు, కాగితాలు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. పోయినవి మళ్లీ వస్తాయన్న నమ్మకం లేదు.