తెర ఎత్తే చేతులు
(బళ్ళారి రాఘవ స్మారకోపన్యాసం)



రాఘవగారి పేరిట మాట్లాడమంటే ఎవరికైనా ముందు ఆయన నటనే గుర్తుకొస్తుంది. పఠాను రుస్తుం, హిరణ్యకశిపుడు, దుర్యోధనుడు, హరిశ్చంద్రుడు: ఆ పాత్రల గురించి పెద్దలు చాలా చెప్పారు. నేను మరో కొసనుంచి అందుకుంటాను. 1880లో పుట్టి 1946లో కన్నుమూసిన రాఘవ వృత్తిరీత్యా ప్లీడరు. నాటకం ఆయనకు బతుకుతెరువు కాదు, ఇష్టపడి నెత్తిన వేసుకున్న బాధ్యత.

మన ఆధునిక నాటకం మొదటినుంచీ ఇలాంటి వాళ్ళ మీదే నడిచింది. 1880లో రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు ‘వ్యవహార ధర్మబోధిని’ని తన విద్యార్థుల చేత ఆడించారు. 1892లో విజయనగరంలో ‘కన్యాశుల్కం’ ఆడింది జగన్నాథ విలాసినీ సభ. 1943లో మొదలైన ప్రజానాట్యమండలికి వెన్నెముకగా నిలిచిన గరికపాటి రాజారావు డాక్టరు. వీళ్ళ పేర్లు చరిత్రకెక్కాయి. వీళ్ళకు తెర లాగినవాళ్ళ పేర్లు ఎక్కలేదు. ఈనాటి నా ప్రసంగం వాళ్ళ గురించి.

నటుడికి కావలసినవేమిటంటే జ్ఞాపకశక్తి, గొంతు, రూపం అంటాం. అవి పెట్టుబడి మాత్రమే. పద్యం నోటికి వచ్చినవాడల్లా కృష్ణుడు కాలేడు. ఎత్తుగడలో ఊపిరి ఎంత దాచుకోవాలో, ఆఖరి వరసలో కూర్చున్నవాడికి మాట ఎలా చేర్చాలో, ఎదుటి పాత్ర మాట్లాడుతున్నప్పుడు తాను ఎలా వినాలో తెలియాలి. ఇవన్నీ తెలిసినా ఇంకొకటి మిగులుతుంది, ధీమా. తాను తలుపు తీస్తే తలుపు తెరుచుకుంటుందని, చెయ్యి చాచిన చోట కత్తి ఉంటుందని నమ్మకం ఉండాలి. ఆ నమ్మకం సాధనతో వచ్చేది కాదు. పక్కతెర చాటున నిలబడ్డవాడు ఇవ్వాలి.

రాఘవగారి పద్ధతిలో ఈ అవసరం మరీ ఎక్కువ. రాగాలాపన తగ్గించి, మాటకు, ముఖానికి, మౌనానికి విలువ పెంచాలని ఆయన పట్టుబట్టారు. గొంతెత్తి పాడేవాడు లోపలి గోలను తన పాటతో కప్పేయగలడు. నిశ్శబ్దంగా నిలబడి కళ్ళతో చెప్పే నటుడికి ఆ వీలు లేదు. లోపల ఒకడు బల్ల లాగినా, ఒకడు దగ్గినా ఆ ఘట్టం పోయినట్టే. సహజ నటన కావాలంటే ముందు తెరవెనక క్రమశిక్షణ కావాలి.

ఈ సంగతి మన పూర్వులకు బాగా తెలుసు. నాట్యశాస్త్రం నాటక బృందాన్ని లెక్కవేసినప్పుడు సూత్రధారుడితో, విదూషకుడితో ఆగలేదు. కిరీటాలు చేసేవాణ్ణి, నగలు చేసేవాణ్ణి, దండలు కట్టేవాణ్ణి, వేషం వేసేవాణ్ణి, రంగులు పూసేవాణ్ణి, బట్టలు ఉతికి అద్దేవాణ్ణి కూడా వరసలో చేర్చింది. కూచిపూడి భాగవతంలో ఈ సాయం ప్రేక్షకుల కళ్ళముందే జరుగుతుంది. తెర పట్టుకున్న ఇద్దరూ అందరికీ కనిపిస్తారు. సత్యభామ తెరమీదుగా జడ వేసేటప్పుడు వాళ్ళు తెరను బిగువుగా, సరైన ఎత్తులో పట్టాలి. కిందికి జారితే భామ ముందే బయటపడుతుంది, పైకెత్తితే జడ అందదు. విద్యుత్తు లేని రోజుల్లో కాగడా పట్టినవాడు పాత్రతో పాటే కదిలేవాడు. గుగ్గిలం చల్లి మంట లేపేవాడికి తాళం తెలియకపోతే రౌద్రం కాస్తా నవ్వులపాలయ్యేది.

సురభివారి సంగతి వేరు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన ఆ కుటుంబ నాటకంలో ముందు, వెనక అనే గోడ లేదు. ఒక రంగంలో రాజుగా నిలిచినవాడు మరో రంగంలో తాడు లాగుతాడు. ‘మాయాబజార్’లో మనుషులు గాలిలో తేలుతుంటే మనం చప్పట్లు కొడతాం. ఆ క్షణంలో ఒక ప్రాణం తీగ పట్టినవాడి చేతిలో ఉంటుంది. పైనున్నవాడు నవ్వుతూ డైలాగు చెప్పగలుగుతున్నాడంటే కిందివాడి చెయ్యి ఎలాంటిదో అతనికి తెలుసు.

సురభిలో పుట్టుకతో అబ్బే ఈ విద్యను ఔత్సాహిక సమాజాలు ఎక్కడినుంచి తెచ్చుకోవాలి? ఊళ్ళోవాళ్ళ నుంచే. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టింది. ఆ తరవాత ఊరూరా నాటక పోటీలు నడిపే పరిషత్తులు వెలిశాయి. పరిషత్తు నడిచే రాత్రి ఒక్కసారి వేదిక వెనక్కి వెళ్ళి చూడండి. ఒక నాటిక అయిపోగానే దాని ఇల్లు విప్పాలి, వెంటనే మరో నాటిక ఇల్లు నిలబెట్టాలి. లైట్లు మళ్ళీ సర్దాలి. మైకులు సరిచూడాలి. పొరుగూరి బృందానికి ఏ వేళకైనా అన్నం ఉండాలి. న్యాయనిర్ణేతలకు టీ అందాలి. ఈ పనులన్నీ చేసేది రైతులు, టీచర్లు, చిన్న కొట్లవాళ్ళు, కాలేజీ కుర్రాళ్ళు. వాళ్ళలో చాలామంది ఏ నాటకాన్నీ ఎదురుగా కూర్చుని పూర్తిగా చూడలేరు.

వీళ్ళ పనిని ‘సాయం’ అంటూ తేలిగ్గా తీసుకుంటాం. అది విద్య. ‘పాండవోద్యోగ విజయాలు’ నాటకంలో పడకసీను తీసుకోండి. మంచం ఏటవాలుగా వేస్తేనే తలవైపు దుర్యోధనుడు, కాళ్ళవైపు అర్జునుడు, నడుమ కృష్ణుడు ప్రేక్షకులకు ఒకేసారి కనిపిస్తారు. మంచం తిన్నగా పడితే ఎంత పాడినా రక్తి కట్టదు. ప్రాంప్టరును చూడండి. నటుడు మరిచిపోయి ఆగాడా, భావం కోసం ఆగాడా అన్నది అతను రెప్పపాటులో తేల్చుకోవాలి. మౌనంలో మాట అందిస్తే ఘట్టం చెడుతుంది, మరుపులో అందించకపోతే నటుడు చెడతాడు. ప్రతి రిహార్సల్‌కూ వచ్చినవాడికే ఆ తేడా తెలుస్తుంది. ప్రదర్శన రోజు సాయంత్రం ఎవరో ఒకరిని పిలిచి చేతిలో ప్రతి పెట్టడం ఆ నటుడికి చేసే అన్యాయం.

మరో మాట. చదువుకున్న కుటుంబాల స్త్రీలు రంగస్థలం మీదికి రావాలని రాఘవగారు తపించారు. కొమ్మూరి పద్మావతీదేవి వంటివారు ఆయనతో నటించారు. ఆ పిలుపు నిలబడాలంటే ఉపన్యాసాలు చాలవు. వేషం వేసుకోవడానికి గడియ ఉన్న గది, పక్కనే శుభ్రమైన మరుగుదొడ్డి, అర్ధరాత్రి నాటకం ముగిశాక ఇంటిదాకా దించే బాధ్యత గల మనిషి ఉండాలి. వీటిని చూసుకునే కార్యకర్త కూడా రాఘవగారి ఆశయాన్నే మోస్తున్నాడు.

స్వచ్ఛందంగా వచ్చారు కదా అని వాళ్ళ చేత గొడ్డుచాకిరీ చేయించడం మర్యాద కాదు. డబ్బు తీసుకోనివాడికి గౌరవం ఇంకా ఎక్కువ బాకీ పడతాం. అందుకని నాటక సమాజాలకు నాలుగు మనవులు. తెర, దీపం, రంగు, ప్రాంప్టింగ్ చూసినవాళ్ళ పేర్లు కరపత్రంలో వేయండి, వేదిక మీద చదవండి. మొదటి రిహార్సల్ నుంచే వాళ్ళను కూర్చోబెట్టండి. కరెంటు పని, ఎత్తుమీద పని తెలిసినవాళ్ళ చేతే చేయించండి. ఎంత ఆలస్యమైనా వాళ్ళకు వేళకు అన్నం పెట్టండి.

నటించాలని ఉబలాటపడే యువతీ యువకులకు ఒక మాట. వేషం అడిగే ముందు ఒక నాటకానికి తెర లాగండి, ఒక నాటకానికి ప్రతి పట్టుకుని కూర్చోండి. అది చేసినవాళ్ళు వేదికమీద ఒంటరిగా నిలబడ్డామని ఎన్నడూ అనుకోరు. అలాంటివాళ్ళే మంచి నటులవుతారు.