మొదటి కారు కొనేముందు

కొత్తగా లైసెన్సు వచ్చిన అబ్బాయికో అమ్మాయికో మొదటి బండిగా సెకండ్‌హ్యాండ్ వేగనారో, ఆల్టోనో చాలు. వీటిని బాగుచేయడం తెలియని మెకానిక్ మన ఊళ్లలో అరుదు, విడిభాగాలూ చవకే. మైలేజీ ఎంతని అందరూ అడుగుతారు, ఆర్సీ మాత్రం తిప్పి చూడరు! అందులో ఫైనాన్స్ కంపెనీ పేరుంటే, అప్పు తీరినట్టు ఎన్ఓసీ, ఫారం 35 తీసుకున్నాకే డబ్బివ్వండి. ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. మీరు వెళ్లేసరికే వేడెక్కి ఉంటే అనుమానించాల్సిందే. టైరు పక్కన 2319 అని ఉంటే, అది 2019లో 23వ వారం తయారైందన్నమాట. ఫారం 29, 30 మీద సంతకాలయ్యాక, బండి బదిలీ అయిన 14 రోజుల్లో ఇన్సూరెన్సునూ మీ పేరుకు మార్పించుకోండి. నో క్లెయిమ్ బోనస్ మాత్రం మీకు రాదు, అది పాత ఓనరుదే.