బ్యాక్‌పేజ్ మూతపడ్డాక



అమెరికాలో బ్యాక్‌పేజ్ అనే వెబ్‌సైట్ ఉండేది. అద్దె ఇళ్లు, పాత సామాన్ల ప్రకటనల పక్కనే మనుషుల ప్రకటనలు. మైనర్ ఆడపిల్లలవి కూడా. 2018 ఏప్రిల్ 6న అక్కడి ఫెడరల్ ప్రభుత్వం దాన్ని మూయించింది. ఐదు రోజులకే ఫోస్టా అనే చట్టం వచ్చింది. చాలామంది చప్పట్లు కొట్టారు.

మూడేళ్లకు, 2021లో, వాళ్ల ప్రభుత్వ ఆడిట్ సంస్థే లెక్క తీసింది. కొత్త సెక్షన్ కింద చూపించగలిగిన కేసు ఒక్కటి! సైట్లు విదేశాలకు తరలిపోయాయి. పోలీసులకు ఆచూకీ, సాక్ష్యం దొరకడం ఇంకా కష్టమైంది.

మన దగ్గరా ఇదే వరస. ఫోన్ నంబరు పట్టుకుంటారు, లాడ్జి మీద దాడి చేస్తారు, ప్రెస్‌మీట్ పెడతారు. ఆ అమ్మాయి మొహానికి చున్నీ కప్పి ఫొటో. ఇలాంటి దాడుల్లో మహిళల గుర్తింపు బయటపెట్టొద్దని 2022 మేలో సుప్రీంకోర్టు చెప్పాక కూడా.

రాజ్యాంగం 23వ అధికరణ చూడండి. మనుషుల అక్రమ రవాణాను, వెట్టిని ఒకే వాక్యంలో నిషేధించింది. బాబాసాహెబ్ అధ్యక్షత వహించిన రచనా సంఘం వాటిని విడదీయలేదు. తండ్రిని వెట్టికి తోసిన అప్పే కూతుర్ని ఏజెంటు చేతిలో పెడుతుంది. కంప్యూటర్లు రాకముందు జోగిని పేరుతో మాల, మాదిగ ఆడబిడ్డలను బలి చేసిందీ ఈ లేమే, ఈ కులమే.

మీ మండలంలో ఇలాంటి కేసు వస్తే స్టేషన్‌కు వెళ్లండి. సైట్ మూయించారా అని కాదు, ఎఫ్ఐఆర్‌లో ఏ సెక్షన్లు రాశారో అడగండి. ఎస్సీ, ఎస్టీ అని తెలిసి చేసిన నేరమైతే అట్రాసిటీ చట్టం పెట్టాలి. అది పెట్టకపోతే ఆ చట్టం కింద రావాల్సిన పరిహారం ఆమెకు అందదు.