జబ్బు అందరిది, చావు పేదోళ్లదా?



"గుండెపోటు పైసలున్నోళ్ల రోగం" అని చిన్నప్పటి నుంచి వింటున్నం. కూసుండి తినేటోళ్లకే వస్తది, రెక్కల కష్టం చేసేటోళ్లకు రాదు అనుకున్నం. అది నిజం కాదు. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 ఊళ్లలో ఒక ఏడాది మరణాలపై చేసిన అధ్యయనం 2006లో అచ్చయింది. చనిపోయినవాళ్ల ఇళ్లకు పోయి కారణాలు అడిగి తెలుసుకున్నరు. 1354 మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లనే.

ఇంకో మాట వినండి. 17 దేశాల్లో లక్షన్నరకు పైగా మనుషులను పరిశీలించిన అధ్యయనం 2014లో వచ్చింది. కొవ్వు, బీపీ, షుగర్ లాంటి ముప్పులన్నీ కలిపి చూస్తే ధనిక దేశాల్లోనే ఎక్కువ, పేద దేశాల్లో తక్కువ. కానీ గుండె జబ్బుతో చావులు పేద దేశాల్లోనే ఎక్కువ. ఇది ఎట్ల?

జవాబు మన దేశంలోనే దొరికింది. గుండెపోటుతో, దానికి దగ్గరి లక్షణాలతో ఆసుపత్రుల్లో చేరిన 20 వేల మందికి పైగా రోగుల లెక్క 2008లో అచ్చయింది. 30 రోజుల్లో చనిపోయినవాళ్లు సంపన్నుల్లో 5.5 శాతం, పేదల్లో 8.2 శాతం. చికిత్సలో ఉన్న తేడాను లెక్కలోంచి తీసేస్తే, చావుల్లో తేడా కూడా మాయమైంది. అంటే పేదోని గుండె వేరే కాదు, పేదోనికి అందిన వైద్యం వేరు. సగం మంది ఆసుపత్రి చేరేసరికి ఆరు గంటలు దాటింది.

ఇప్పుడు మన దిక్కు చూడండి. మహబూబాబాద్ జిల్లా గంగారం మండలంలో ఒక గూడెం అనుకోండి. రాత్రి ఛాతీ బరువెక్కుతది, చెమటలు పడతయి. గ్యాస్ అని సోడా తాపుతరు. ఆర్‌ఎంపీ సూది వేస్తడు. తెల్లారినంక ఆటో మాట్లాడుకొని నర్సంపేట, అక్కడి నుంచి వరంగల్. గుండె కండరం ఆ దారి పొడుగునా చచ్చిపోతనే ఉంటది. గడ్డ కరిగించే సూది ఎంత తొందరగా పడితే అంత కండరం బతుకుతది.

10 లక్షల ఆరోగ్యశ్రీ ఉంది, మంచిదే. కానీ ఆ కార్డు ఆసుపత్రి గడప దాటినంకనే పనిచేస్తది. గడప దాకా తీసుకుపోవాల్సింది రోడ్డు, 108 బండి.

మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలైనయి. కాబట్టి మనం అడగాల్సినవి అడుగుదాం. జిల్లా ఆసుపత్రిలో గడ్డ కరిగించే సూది రాత్రి పూట కూడా వేస్తరా? మన పీహెచ్‌సీలో ఈసీజీ తీసేటోళ్లు, దాన్ని చూసి చెప్పేటోళ్లు ఉన్నరా? బీపీ గోలీలు ప్రతి నెలా ఊర్లోకే వస్తున్నయా?

మనం చేయాల్సినవి కూడా ఉన్నయి. 30 దాటినోళ్లు బీపీ, షుగర్ చూపించుకోవాలె. నొప్పి లేదని గోలీలు ఆపొద్దు. బీడీ, చుట్ట, అంబర్ మానాలె. ఛాతీ నొప్పి చేతికి, దవడకు పాకితే, ఊపిరాడకపోతే పొద్దు కోసం చూడకుండా 108కి ఫోన్ చేయాలె. ఆడోళ్లకు ఒక్కోసారి ఛాతీ నొప్పి లేకుండ ఆయాసం, నీరసమే కనబడతయి, "పని ఎక్కువైంది" అని వదిలేయొద్దు.

మలేరియా కాలంలో దోమతెరలు అడిగినం. ఇప్పుడు ఈసీజీ అడుగుదాం. వచ్చే గ్రామసభలో ఈ మూడు ప్రశ్నలూ తీర్మానం రాయించండి.